గ్రాండ్ కాన్యన్ నుంచి జయన్ దాకా: మూడు మజిలీలు, ఒక చచ్చిన ప్లగ్గు

అమెరికాలో అరిజోనా రాష్ట్రపు ఫీనిక్స్ నుంచి ఉత్తరంగా బయలుదేరి గ్రాండ్ కాన్యన్, పేజ్ పట్టణం, యూటా రాష్ట్రంలోని జయన్ జాతీయ పార్కు మూడింటినీ ఒకే చుట్టులో చూసి రావడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు బాగా అలవాటైన యాత్రే. హోటళ్లలో దిగుతూ వెళ్లేవారికి ఆ దారి గురించి నేను కొత్తగా చెప్పగలిగింది ఏమీ లేదు. ట్రావెల్ ట్రెయిలర్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, అద్దెకు తీసుకుని పికప్ వెనక తగిలించుకుని వెళ్లేవారికి మాత్రం లెక్కలు వేరు. అక్కడ బస మంచిదా కాదా అన్నది చాలావరకు స్థలం పక్కన నడుమెత్తున నిలబడి ఉండే కరెంటు పెట్టె తేలుస్తుంది. పెడెస్టల్ అంటారు దాన్ని. ఫొటోల్లో ఎవరూ చూపించరు, సమీక్షల్లో ఎవరూ రాయరు.

సెప్టెంబరులో వెళ్లాం. మా నాన్నగారు కూడా వచ్చారు. ఆయన విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవారు కాబట్టి ఈ కథలో సగం పని ఆయనదే.

మొదటి మజిలీ గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్, అంటే లోయ దక్షిణపు అంచు. పార్కు లోపల మాథర్ క్యాంప్‌గ్రౌండ్ చవక, చెట్ల నీడ హాయిగా ఉంటుంది. కానీ స్థలాల దగ్గర కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఉండవు, 30 అడుగులు దాటిన బండికి చోటూ ఉండదు. పక్కనే ఉన్న ట్రెయిలర్ విలేజ్‌లో మూడు కనెక్షన్లూ ఉన్నాయి, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. మేం అక్కడే దిగాం. బండ్లు దగ్గర దగ్గరగా నిలబడతాయి, మన చోటు నుంచి లోయ కనిపించదు. అయినా ఉచిత బస్సు దొరుకుతుంది, పొద్దున్నే ఎల్క్ దుప్పులు బండి పక్కనే గడ్డి మేస్తుంటాయి. దాదాపు 7,000 అడుగుల ఎత్తు కావడంతో సెప్టెంబరులోనూ రాత్రిళ్లు వణికిస్తుంది.

కరెంటు విషయంలో ఆ చోటుకు నేను పూర్తి మార్కులు వేస్తాను. పెడెస్టల్‌లో మా 30 ఆంపియర్ల ప్లగ్గు బిగుతుగా కూర్చుంది. దానికీ మా వైరుకూ మధ్య పెట్టిన రక్షణ పరికరం వోల్టేజీ 119 అని చూపించింది, అక్కడినుంచి పెద్దగా కదల్లేదు. వోల్టేజీ బాగా పడిపోయినా, ఎర్త్ లేకపోయినా, ఫేజ్, న్యూట్రల్ తారుమారైనా ఈ పరికరం కరెంటును లోపలికి రానివ్వదు. అద్దె సంస్థ ఇవ్వకపోతే మీరే కొనుక్కుని వెళ్లండి. బండి లోపల సామగ్రి ఖరీదు ముందు దాని ఖరీదు లెక్కలోకి రాదు.

ఇక్కడే ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే మన వంటలకు దానితో చాలా పని ఉంది. 30 ఆంపియర్లు, 120 వోల్టులు అంటే బండి మొత్తానికి 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే 12, 13 ఆంపియర్లు తీసుకుంటుంది. 1,500 వాట్ల కెటిల్ మన ఊళ్లో 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది, ఇక్కడ అదే కెటిల్‌కు పన్నెండున్నర కావాలి. లూజ్ కాంటాక్ట్ ఉన్నచోట పుట్టే వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే అదే వదులు జాయింటు ఇక్కడ మూడున్నర రెట్లకు పైగా కాలుతుంది. నాన్నగారు మొదటిరోజే ఈ సంగతి చెప్పి, ఇడ్లీలు ఉడుకుతున్నంతసేపు కెటిల్ ముట్టుకోవద్దని మా ఆవిడకు ఆంక్ష పెట్టారు.

తర్వాత డెజర్ట్ వ్యూ మీదుగా కామెరన్ చేరి, 89వ నంబరు రోడ్డు పట్టుకుని పేజ్‌కు వెళ్లాం. యాంటిలోప్ కాన్యన్ నవాహో వారి నేల. గైడు లేకుండా లోపలికి పోనివ్వరు, టికెట్లు ముందే తీసుకోవాలి. హార్స్‌షూ బెండ్ పార్కింగు పేజ్ పట్టణానిది, అక్కడ జాతీయ పార్కుల పాసు చెల్లదు. ఈ రెండిటి కోసమే అందరూ పేజ్ వస్తారు. మా నాన్నగారు మాత్రం గ్లెన్ కాన్యన్ డ్యామ్ దగ్గర పాతుకుపోయారు. కొలరాడో నది మీద 710 అడుగుల ఎత్తు, ఎనిమిది యూనిట్లు, 1,320 మెగావాట్లు. మన నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం సుమారు 816. ఆ తేడాను ఆయన కొంచెం కినుకగానే ఒప్పుకున్నారు, రాతికట్టడంలో సాగర్‌ను మించింది చూపించమని వెంటనే సవాలు కూడా చేశారు.

అంత కరెంటు పుట్టే ఊళ్లోనే మాకు కరెంటు కష్టాలు మొదలయ్యాయి.

మేం దిగింది ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కు, అంటే ఇలాంటి ఇంటిబండ్లు నిలుపుకునే చోటు. ఎర్రరాళ్ల మీద సూర్యాస్తమయం అద్భుతం, స్నానాల గదులు శుభ్రం. సాయంత్రం అందరూ ఏసీలు వేసేసరికి మా రక్షణ పరికరంలో అంకె 110కి దిగింది, తర్వాత 106, చివరికి 104 దాటి పడిపోవడంతో అది కరెంటు ఆపేసింది. కెటిల్‌కు వోల్టేజీ తగ్గితే నీళ్లు ఆలస్యంగా మరుగుతాయి, అంతే. ఏసీ మోటారు అలా కాదు, తక్కువ వోల్టేజీలో ఎక్కువ ఆంపియర్లు లాగి వేడెక్కి కాలిపోతుంది. ఆఫీసులో చెబితే మరమ్మతు చూసే మనిషి వచ్చి పెడెస్టల్ మూత తెరిచి చూశాడు. వాదించకుండా ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా ఉన్న వరుసకు మమ్మల్ని మార్చాడు. అక్కడ 117 వచ్చింది. ఆ వైరింగు మీద నాకు గౌరవం లేదు కానీ ఆ మనిషి మీద ఉంది.

మరునాడు పొద్దున వంటగట్టు మీది ప్లగ్గు పనిచేయలేదు.

దీపాలు వెలుగుతున్నాయి, నీళ్ల పంపు ఆడుతోంది. అవి చూసి కరెంటు ఉందనుకోకూడదు. ట్రెయిలర్‌లో అవన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి, ఫ్రిజ్ కూడా గ్యాస్ మీదకు మారిపోగలదు. ఏసీ, మైక్రోవేవ్ పనిచేస్తున్నాయా అన్నదే అసలు పరీక్ష. రెండూ పనిచేశాయి. అంటే పెడెస్టల్, వైరు, మెయిన్ బ్రేకర్ బాగానే ఉన్నాయి. వంటగట్టుతో పాటు బాత్రూములో ప్లగ్గు, బయట గోడకు ఉన్న ప్లగ్గు కూడా పోయాయి. ఈ మూడూ సాధారణంగా ఒకే జి.ఎఫ్.సి.ఐ. కింద ఉంటాయి. కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే ఆపేసే రక్షణ స్విచ్చు అది, మన ఇళ్లలోని ఆర్.సి.సి.బి.కి తమ్ముడు. మనది 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకి పడిపోతే, ఇది 5 దగ్గరే పడిపోతుంది. వర్షానికి బయటి ప్లగ్గులో చెమ్మ చేరినా వంటగదిలో కరెంటు పోవడం అందుకే.

అద్దె సంస్థ సహాయ కేంద్రానికి ఫోను చేశాం. మర్యాదగా మాట్లాడారు, చాలాసేపు సంగీతం వినిపించారు, చివరికి బాత్రూములో రీసెట్ బటన్ నొక్కమన్నారు. నొక్కాం, పట్టలేదు. ఇంకా గట్టిగా నొక్కమన్నారు.

"ఒరే, గట్టిగా నొక్కితే వచ్చేదైతే మేం సబ్‌స్టేషన్లు కట్టేవాళ్లమే కాదురా" అన్నారు నాన్నగారు. బటన్ ఎలా మొరాయిస్తోందో చూడమన్నారు. కొత్తరకం జి.ఎఫ్.సి.ఐ. ఒక్క క్షణం పట్టి టప్పున పడిపోతే ఎక్కడో లీకేజీ ఉంది. దానికి తగిలించినవన్నీ పీకి మళ్లీ నొక్కాలి, బయటి ప్లగ్గు మూత ఎత్తి ఆరబెట్టాలి. అసలు పట్టనే పట్టకపోతే అది చెడిపోయి ఉండాలి, లేదా దానిదాకా కరెంటే రావడం లేదు. మాది పట్టలేదు. బ్రేకర్‌ను పూర్తిగా ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేశాం, ఎందుకంటే పడిపోయిన బ్రేకర్ మధ్యలో ఆగి ఆన్‌లో ఉన్నట్టే కనిపిస్తుంది. ఫలితం లేదు.

మిగిలింది భోజనాల బల్ల కింది ప్లగ్గు. అక్కడ ఫేజ్ టెస్టర్ వెలుగుతోంది కానీ ఫోను చార్జర్ ఆగి ఆగి పనిచేస్తోంది. మల్టీమీటరు పెడితే ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 118. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య నిలకడ లేని అంకెలు, ప్లగ్గును వేలితో కదిపితే ఒక్కసారి 118, వదిలితే ఎక్కడికో. నాన్నగారు మీటరు కింద పెట్టి "న్యూట్రల్ లూజ్" అని తేల్చేశారు. బ్రేకర్ నుంచి వచ్చే వైరు ముందు ఈ ప్లగ్గుకు, ఇక్కడినుంచి బాత్రూములోని జి.ఎఫ్.సి.ఐ.కి, ఆ తర్వాత వంటగట్టుకు వెళుతోంది. రోగం బల్ల కింద, నొప్పి వంటగదిలో.

మూత ఊడదీసే ముందు పెడెస్టల్ బ్రేకర్ ఆపి, వైరు పీకి, మీటరులో సున్నా చూసుకున్నాం. ఇన్వర్టర్ ఉన్న బండి అయితే దాన్నీ ఆపాలి, లేకపోతే బయటి వైరు పీకినా కొన్ని ప్లగ్గుల్లో కరెంటు మిగిలే ఉంటుంది. లోపల చూస్తే, చాలా ట్రెయిలర్లలో ఉన్నట్టే, మరలతో బిగించే రకం కాదు. వైరును తొడుగుతో సహా గాడిలోకి నొక్కేస్తారు, లోహపు పళ్లు తొడుగును చీల్చుకుని రాగిని పట్టుకుంటాయి. కదలని గోడలో అది ఎన్నాళ్లైనా ఉండొచ్చు. గతుకుల రోడ్ల మీద వేల మైళ్లు ఊగే గోడలో, పెద్ద లోడు వాడితే, ఆ పట్టు సడలుతుంది. మా దానిలో తెల్లవైరు, అంటే న్యూట్రల్, చివర గోధుమరంగుకు తిరిగి పెళుసెక్కింది.

నాన్నగారి చేతిలో స్క్రూడ్రైవర్ తిరుగుతోంది. "మామయ్యగారూ, అద్దె బండి" అని మా ఆవిడ గుర్తుచేసింది. ఆయన అయిష్టంగానే దాన్ని జేబులో పెట్టుకున్నారు. ఒప్పందం ప్రకారం మరమ్మతు వారి అనుమతితోనే జరగాలి. కాలిన వైరు ఫొటో పంపాక సహాయ కేంద్రం గొంతు మారింది. బండి దగ్గరకే వచ్చే టెక్నీషియన్‌ను పిలుచుకోమన్నారు, ఖర్చు ముందు మేం పెట్టుకోవాలి.

అతను మధ్యాహ్నానికి వచ్చాడు. ఈ ప్రాంతంలో ఊళ్ల మధ్య దూరాలు ఎక్కువ కాబట్టి రాక ఖర్చు వేరు, పని ఖర్చు వేరు అని ముందే చెప్పాడు. కాలిన మేర కత్తిరించి, చిన్న పెట్టె బిగించి, మరలున్న మామూలు ప్లగ్గు వేశాడు. మిగతావి కూడా ఊపి చూసి మంచం పక్కన ఇంకొకటి వదులుగా ఉందని మార్చాడు. ఇలా కాలిన ప్లగ్గుల వెనక ఎక్కువగా రాత్రంతా వేసి ఉంచే గది హీటర్లే ఉంటాయని అతని అనుభవం. నాన్నగారు పక్కనే నిలబడి ప్రతి మరా రెండోసారి బిగించమన్నారు, అతనూ నవ్వుతూ బిగించాడు. యాత్ర మొత్తంలో డబ్బుకు తగిన పని జరిగిందంటే అదే. బిల్లు, ఫొటోలు పంపితే అద్దె సంస్థ కొన్ని వారాల తర్వాత సొమ్ము వాపసు చేసింది.

జయన్‌కు తూర్పు ద్వారం నుంచి వెళ్లే సొరంగం 1930లో పూర్తయింది. ఇరుకు, పైన వంపు, పెద్ద బండ్లకు పనికొచ్చేది కాదు. మేం కనాబ్, ఫ్రెడోనియా, హరికేన్ మీదుగా చుట్టి వెళ్లాం. సెప్టెంబరులో యూటా గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది, దిగే సమయం లెక్క వేసేటప్పుడు అది మరవకండి. వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్‌లో కొన్ని వరుసలకే కరెంటు ఉంది. స్థలం దగ్గర నీళ్ల కనెక్షన్ ఉండదు, వచ్చేటప్పుడే ట్యాంకు నింపుకోవాలి. జనరేటర్లు నిషేధం కావడంతో రాత్రి వర్జిన్ నది చప్పుడు తప్ప మరో చప్పుడు ఉండదు. లోయలోకి వెళ్లే బస్సు నడక దూరంలోనే ఎక్కొచ్చు. ఆరు నెలల ముందు బుకింగ్ తెరుచుకున్న రోజే ప్రయత్నించాలి. మూడింటిలో మళ్లీ డబ్బు కట్టి దిగేది ఏదంటే నాకు మొదట ఇదే, తర్వాత ట్రెయిలర్ విలేజ్. పేజ్‌లో అయితే ఈసారి గ్లెన్ కాన్యన్ డ్యామ్ వెనకున్న సరస్సు ఒడ్డున వాహ్వీప్‌లో ప్రయత్నిస్తాం, చోటు తీసుకునే ముందు సాయంత్రం వోల్టేజీ ఎంత ఉంటుందో ఫోనులో అడిగి మరీ.