యూరియా గడ్డికి నల్ల పట్టా: కొనవచ్చు, కొలత చూసుకుని

వానకు ధాన్యం మీద కప్పే పట్టా వేరు, యూరియా నీళ్లు చల్లిన వరిగడ్డి మీద కప్పే పట్టా వేరు. తెనాలిలో ఈ 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాముల బరువు) నల్ల పట్టా కొంటుంటే దుకాణదారు "చుక్క నీరు దిగదమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నీటి సంగతి సరే, నాకు కావలసింది లోపలి ఘాటు బయటికి పోకుండా ఆపేది.

మా గేదెలకు వరిగడ్డే ఆధారం. అందులో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. యూరియా అమ్మోనియా అనే ఘాటు వాయువుగా మారి గట్టి పీచును సడలిస్తుంది, మాంసకృత్తులు దాదాపు రెట్టింపవుతాయి. అమ్మోనియా గాలికన్నా తేలిక కాబట్టి పట్టా నెత్తిన చిన్న కన్నమున్నా యూరియా డబ్బులు ఆకాశానికి మేత వేసినట్టే.

ఇదివరకు నేత నీలం పట్టా కప్పితే వామి పక్కన కళ్లు మండేవి. దీనికి ముక్కు ఆనించి చూసినా వాసన తగలలేదు. విప్పినప్పుడు పైనుంచి అడుగుదాకా గడ్డి ఒకే ముదురు పసుపు రంగులో, మెత్తగా ఉంది. బూజు లేదు. గేదెలు మొదట మొహం తిప్పుకున్నా, మామూలు గడ్డిలో కలిపి వేస్తే అలవాటు పడ్డాయి, గాట్లో కాడలు మిగల్చడం తగ్గించాయి.

లోపాలూ ఉన్నాయి. తాడు కట్టే రింగుల గుండా ఘాటు పోతుంది. అంచులు మడిచి మట్టి గట్టు కింద తొక్కాల్సిందే. అందుకని నాలుగు వైపులా రెండేసి అడుగులు ఎక్కువ కొలత తీసుకోండి. పైగా 24 అడుగులని అమ్మిన పట్టా పరిచి కొలిస్తే తగ్గింది. అడిగితే మడతలో పోయిందన్నారు! బరువూ ఎక్కువే, ఒక్క మనిషి పరచలేరు.

కొత్తవారికి రెండు మాటలు: తీసిన గడ్డిని ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయండి, ఆరు నెలల లోపు దూడలకు వద్దు. మిగిలిన యూరియా నీళ్ల బకెట్టు గేదెకు అందితే ప్రాణం మీదికి వస్తుంది.

ఒకటి రెండు పశువులున్నవారికి ఈ ఖర్చు దండగ. ఖాళీ ఎరువుల సంచులు విప్పి కుట్టి, పైన పేడమట్టి మెత్తితే చాలు.