స్విమ్మింగ్ పూల్‌కి ఎపాక్సీ గ్రౌట్: నాలుగు వేసవులు వాడాక

మాది విజయవాడ పటమటలో ఒక అపార్ట్‌మెంట్. లక్ష లీటర్లు పట్టే పూల్, గాజు మొజాయిక్ టైల్స్. అసోసియేషన్‌లో దాని బాధ్యత నాది. 2022 ఫిబ్రవరిలో టైల్స్ సందుల్లో గ్రౌట్‌గా (సందులు నింపే ముద్దగా) ఉన్న తెల్ల సిమెంటు తీయించి, దాని బదులు ఎపాక్సీ గ్రౌట్, అంటే కలిపాక గట్టిపడే రెజిన్ ముద్ద, పెట్టించాం.

అంతకు ముందు రెండేళ్లు చాలా టెన్షన్ పడ్డాను. పొద్దున్నే చూస్తే అడుగున సన్నటి తెల్ల ఇసుక లాంటిది పేరుకునేది. గోడకు అరచెయ్యి ఆనిస్తే గరుకు కాగితంలా తగిలేది. ఒకరోజు మా అమ్మాయి బొటనవేలు తెగి, రక్తం కారుతూ మెట్లెక్కి వచ్చింది. చూడ్డానికి వచ్చిన ముగ్గురూ టైల్స్ మొత్తం పీకేయాలన్నారు. నాలుగోసారి గుంటూరు నుంచి ఒక పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఆయన పది రూపాయల బిళ్లతో గోడంతా కొట్టుకుంటూ వెళ్లాడు. గట్టిగా ఉన్నచోట టక్‌మంది, వదిలేసినచోట డొల్లగా మోగింది. డొల్లగా మోగినచోటల్లా సుద్దతో గీత పెట్టాడు. అన్నీ కలిపి పదో వంతు కూడా లేవు.

"టైల్స్‌కేం కాలేదమ్మా, మీ నీళ్లే సిమెంటుని తినేస్తున్నాయి" అన్నాడు.

నీళ్లు పరీక్షించే కిట్ తెచ్చి చూస్తే పీహెచ్ 6.8, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) 30 పీపీఎం, అంటే పది లక్షల్లో 30 వంతులు. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, ఆల్కలినిటీ 80 నుంచి 120 మధ్య ఉండాలి. మేం క్లోరిన్ కోసం ఏళ్ల తరబడి టీసీసీఏ (ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్) బిళ్లలే వేశాం. వాటికి ఆమ్ల గుణం ఎక్కువ. దానికి తోడు మరకలు పోవాలని నెలనెలా యాసిడ్‌తో రుద్దించాం. అలాంటి నీళ్లు సిమెంటులోని కాల్షియాన్ని కరిగించుకుపోతాయి. అడుగున కనిపించిన ఇసుక మా గ్రౌటే.

లీకేజీ అనుమానం కూడా తీర్చుకున్నాం. మెట్టు మీద బకెట్ పెట్టి, లోపలా బయటా నీటిమట్టం ఒకేలా ఉంచి, ఒక రోజు ఆగాం. రెండూ సమానంగా తగ్గాయి, అంటే అది ఆవిరే.

పూల్ ఖాళీ చేయడానికి ఫిబ్రవరి దాకా ఆగమన్నది మేస్త్రే. మా దగ్గర వానాకాలంలో భూగర్భజలం బాగా పైకి వస్తుంది. అప్పుడు ఖాళీ చేస్తే కింది నీటి ఒత్తిడికి తొట్టి పైకి లేచి పగిలే ప్రమాదం ఉంది. ఇది దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

పని తెల్లవారుజామున మొదలయ్యేది. ఎపాక్సీ కలిపాక ఎండ ఎక్కితే త్వరగా బిగుసుకుపోతుంది, అందుకే కొంచెం కొంచెంగా కలుపుకున్నారు. టైల్ మీద అంటుకున్నది వెంటనే తుడవకపోతే తర్వాత ఏం చేసినా రాదు. డొల్ల టైల్స్ మాత్రం మార్చారు. అంతా అయ్యాక ఏడు రోజులు ఆగి నీళ్లు పట్టాం. గ్రౌట్ సరుకు ఖర్చు తెల్ల సిమెంటుకు మూడింతలు దాటింది. అయినా టైల్స్ మొత్తం మార్చడంతో పోలిస్తే చాలా తక్కువ.

నీళ్ల విషయంలో కూడా మారాం. కొత్త నీళ్లలోనూ ఆల్కలినిటీ తక్కువే ఉంది. దాన్ని అరవై పీపీఎం పెంచడానికి పది కిలోల వంటసోడా పట్టింది. బిళ్లలు తగ్గించి క్లోరిన్ కోసం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడుతున్నాం. యాసిడ్ రుద్దుడు పూర్తిగా మానేశాం. వారానికి రెండుసార్లు నేనే పరీక్ష చేసి పుస్తకంలో రాస్తున్నాను. ఇది చేయకుండా ఎపాక్సీ ఒక్కటే పెట్టించి ఉంటే, టైల్ వెనకున్న సిమెంటు ఎప్పటికో అప్పటికి వదిలేసేదని నా గట్టి నమ్మకం.

నాలుగు వేసవుల తర్వాత గోడ నున్నగా ఉంది, అడుగున ఇసుక లేదు. లోపాలూ ఉన్నాయి. నీటి అంచున ఎండ తగిలే వరుస పసుపెక్కింది, అది రుద్దినా పోలేదు. నీళ్లు లోపలికి వచ్చే గొట్టం పక్కన రెండడుగుల మేర గ్రౌట్ ఊడింది. అక్కడ చెమ్మ ఆరకముందే పెట్టేశారు. పని త్వరగా అయిపోవాలని ఆ రోజు తొందరపెట్టింది నేనే. వచ్చే ఫిబ్రవరిలో ఆ ముక్క మళ్లీ చేయిస్తాం. ఈసారి సందులు పొడిగా అయ్యాయని వేలితో తడిమి చూసుకున్నాకే కలపమంటాను.