నేతింటిని వీఆర్‌లో దాచుకోవాలంటే ఏది మేలు: 360 ఫోటోలా, త్రీడీ స్కానా?

ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో నేతపని చేసే దేవాంగుల ఇళ్ళు చాలావరకు వీధి వైపు ఇరుకుగా, లోపలికి పొడవుగా ఉంటాయి. అరుగు, ముందు గది, గుంటమగ్గం ఉన్న సావిడి, వంటిల్లు, పెరడు వరుసగా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. పిల్లలు సూరత్‌కో హైదరాబాదుకో వెళ్ళిపోయి, ఇల్లు పంచుకోవడమో పడగొట్టి కట్టడమో ఖాయమైనప్పుడు, ఉన్న ఇంటిని ఉన్నట్టుగా, మనం అక్కడే ఉన్నామనిపించే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్ళజోడులో మళ్ళీ చూసుకునేలా దాచుకుందామన్న మాట ఏదో ఒక కుటుంబంలో వస్తూనే ఉంది. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రిని చూసినవారికి ఈ ఆలోచన వింతగా తోచదు.

అన్నిటికంటే సులువైనది 360 ఫోటో. కెమెరాను ఒకచోట నిలబెడితే చుట్టూ ఉన్నదంతా, పైకప్పుతో సహా, ఒకే చిత్రంగా వస్తుంది. చూసేవారు తల ఎటు తిప్పితే అటు ఇల్లు కనబడుతుంది, కాని ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేరు, వంగి మగ్గం గుంటలోకి తొంగిచూడలేరు. అయినా ఇల్లంతా గంటలో పూర్తి చేయవచ్చు, పైగా దొరికేది మామూలు జేపెగ్ ఫైలే. కెమెరాను మనిషి కంటి ఎత్తులోనే పెట్టాలన్న నియమం ఏమీ లేదు. మన జ్ఞాపకంలోని ఇల్లు చిన్నప్పటి ఎత్తు నుంచి చూసినది కాబట్టి, ప్రతి గదిలోనూ మూడడుగుల ఎత్తున కూడా ఒక ఫోటో తీయించడం మంచిదని నా అభిప్రాయం.

రెండవది లైడార్ స్కాన్, అంటే కాంతిని పంపి అది తిరిగివచ్చే తీరును బట్టి దూరాలు కొలిచే త్రీడీ స్కాన్. 2020లో వచ్చిన ఐఫోన్ 12 ప్రో మొదలుకొని ఆపిల్ ప్రో ఫోన్లలో ఈ సౌకర్యం ఉంది. ఇంచుమించు ఐదు మీటర్ల దూరం వరకు కొలవగలదు. గదుల కొలతలు, గోడల వాలు, గుమ్మాల వెడల్పు పంపకాల కాగితాలకూ వడ్రంగికీ సరిపోయేంతగా వస్తాయి. జ్ఞాపకానికి మాత్రం ఇది చాలదు. మగ్గం మీద పొడవునా సాగదీసిన పడుగు పోగులు దీనికి విడివిడిగా అందవు; ఒకదానికొకటి అతుక్కుని రేకులా కనబడతాయి, లేదా అసలే మాయమవుతాయి. నేతింట్లో పడుగు కనబడని స్కాన్ కొలతల పుస్తకమే తప్ప ఇల్లు కాదు.

మూడవది 2023లో వెలుగులోకి వచ్చిన గాసియన్ స్ప్లాటింగ్. ఇది గోడలను పలకలుగా కట్టదు. ఫోటోల నుంచి లక్షలాది మెత్తని రంగు చుక్కలను గాలిలో పేర్చి దృశ్యాన్ని నిలబెడుతుంది. ఒక్కొక్క చుక్క చూసే దిక్కును బట్టి రంగు మార్చుకోగలదు కాబట్టి, పట్టు మీద మెరుపు మనం పక్కకు జరిగినప్పుడు జరిగినట్టే కదులుతుంది. సన్నని పోగులు, తలుపు గొళ్ళెం తళుకు, పెరట్లో కరివేపాకు కూడా ఇందులో బాగా నిలుస్తాయి. అయితే ఓపిక కావాలి. మగ్గం చుట్టూ పై నుంచీ కింద నుంచీ నెమ్మదిగా తిరుగుతూ వందలాది ఫోటోలు తీయాలి. ఆ మధ్యలో ఎండ మారినా, ఎవరైనా అడ్డంగా నడిచినా ఆ చోటు మసకబారిపోతుంది. సున్నం వేసిన బోసి గోడలు కూడా దీన్ని తికమక పెడతాయి, ఎందుకంటే ఫోటోలను ఒకదానితో ఒకటి సరిపోల్చుకోవడానికి వాటి మీద గుర్తులు ఉండవు.

అందువల్ల ఇల్లంతటికీ 360 ఫోటోలు, మగ్గం ఉన్న సావిడికి మాత్రం గాసియన్ స్ప్లాట్ మేలని నేను చెబుతాను. పంపకాల అవసరం ఉంటే తప్ప లైడార్ జోలికి పోనక్కరలేదు. ఇల్లంతా స్ప్లాట్ చేయాలన్న ఉత్సాహాన్ని కూడా నేను ప్రోత్సహించను. త్రీడీ నమూనాలను దాచిన గూగుల్ పాలీ 2021 జూన్‌లో మూతపడింది, వీఆర్‌లో జనం కలుసుకునేందుకు మైక్రోసాఫ్ట్ నడిపిన ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చిలో ఆగిపోయింది. కాబట్టి ఏ యాప్‌తో చేసినా ఫైలును ఇంటికి దించుకోవాలి. స్ప్లాట్ అయితే పీఎల్‌వై అనే ఫైలు రూపంలో తీసుకుని, దానికి మూలమైన ఫోటోలను కూడా పారేయకుండా ఉంచాలి, ఎందుకంటే రేపు ఇంతకంటే మంచి పద్ధతి వస్తే మళ్ళీ కట్టడానికి పనికొచ్చేవి అవే. ఒక ప్రతి అన్నగారింట్లో, మరొకటి చెల్లెలింట్లో ఉంటే చాలు.

ఈ మూడింటిలో దేనికీ శబ్దం పట్టదు. మగ్గంలో అడ్డపోగును తీసుకెళ్ళే నాడె అటూ ఇటూ కొట్టే చప్పుడును ఫోన్‌లో విడిగా రికార్డు చేసి ఆ గది ఫోటోకు జోడించాలి. తాతగారు సావిడిలో నిలబడి “మీ అయ్యని ఈ రాటకే కట్టేసీవోడ్ని రా” అని చెప్పే మాటలు కూడా అక్కడే చేరాలి. ఇక తీయడానికి రోజు ఎంచుకునేటప్పుడు, చీర సగం నేసి పడుగు ఇంకా మగ్గం మీద ఉన్న రోజునే ఎంచుకోవాలి. చీర కోసి దించేశాక తీస్తే మిగిలేది కొయ్యలే.