అండాశయాల కోసం వెళితే పిట్యూటరీని చూశారు: చెన్నైలో ఒక హార్మోన్ క్లినిక్ అనుభవం

కీల్పాక్‌లోని ఒక హార్మోన్ వ్యాధుల క్లినిక్‌కు మా చెల్లెలిని తీసుకువెళ్లేనాటికి ఆమెకు నెలసరి ఆగి 11 నెలలైంది. సూళ్లూరుపేటలో పొద్దున్నే రైలెక్కి అమ్మతో కలిసి పెరంబూరులోని మా ఇంటికి వచ్చింది. చేతిసంచిలో పాత స్కానింగు కాగితాలు, అండాశయాల్లో నీటిబుడగలున్నాయంటూ మరోచోట రాసిచ్చిన మందుల చీటీలు ఉన్నాయి.

ఈ క్లినిక్‌లో పరీక్షలకంటే ముందు ప్రశ్నలు మొదలయ్యాయి. తలనొప్పి ఉందా, పక్కచూపు తగ్గిందా, రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయా, ఏయే మాత్రలు వాడుతున్నావమ్మా అని వైద్యురాలు తీరిగ్గా అడిగారు. పాలు కనిపిస్తున్న సంగతి చెల్లెలు అప్పటిదాకా నాకు కూడా చెప్పుకోలేదు. ఆమె గ్యాసు కోసం వేసుకునే మాత్రలో డోంపెరిడోన్ ఉందని, అది కూడా పాలు ఊరేలా చేసే హార్మోన్ అయిన ప్రొలాక్టిన్‌ను పెంచుతుందని చెప్పి, దాన్ని మాన్పించి, కొన్ని రోజులాగి మళ్లీ రక్తం తీయించారు. గర్భం లేదనీ, థైరాయిడ్ లోపం లేదనీ కూడా తేల్చుకున్నారు. సాధారణంగా మిల్లీలీటరుకు 25 నానోగ్రాముల లోపు ఉండవలసిన ప్రొలాక్టిన్ 148 ఉంది. ఎమ్మారైలో, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో 6 మిల్లీమీటర్ల గడ్డ కనిపించింది.

గడ్డ అన్న మాటకే అమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. ఇలాంటివి దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కావనీ, 10 మిల్లీమీటర్ల లోపు ఉన్నదాన్ని చిన్న గడ్డగానే లెక్కిస్తారనీ వైద్యురాలు ముందుగా ఆమెకే చెప్పారు. ఆ తరువాత కాగితం మీద బొమ్మ గీశారు: ప్రొలాక్టిన్ ఎక్కువైనప్పుడు మెదడులోని హైపోథలామస్ అనే భాగం నుంచి విడతలవారీగా వెలువడే సంకేతాలు అణగిపోతాయి, అందువల్ల పిట్యూటరీ నుంచి రావలసిన, అండాశయాలను పనిచేయించే హార్మోన్లు ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి, అండం పక్వమై విడుదల కాదు, స్త్రీ హార్మోన్ ఈస్ట్రోజెన్ కూడా పడిపోయి ఏళ్లు గడిచేకొద్దీ ఎముకలు పలచబడతాయి. అంటే అండాశయాలు చెడిపోలేదు, వాటికి పిలుపు అందడం లేదు. చాలా అరుదుగా ఎఫ్‌ఎస్‌హెచ్‌నే అధికంగా స్రవించే గడ్డలు ఉంటాయనీ, అప్పుడు ఇందుకు భిన్నంగా అండాశయాలు పెద్ద తిత్తులతో ఉబ్బిపోతాయనీ, ఆ అనుమానం మిగలకుండా పాత స్కానింగును కూడా చూశామనీ వివరించారు. నెలల తరబడి తన శరీరాన్ని తానే నిందించుకున్న పిల్ల ముఖం ఆ బొమ్మ చూశాక తేటపడింది. ఆ పావుగంటకు ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు.

శస్త్రచికిత్స అవసరం లేదన్నారు. ప్రొలాక్టిన్ తగ్గించే కాబెర్గోలిన్ మాత్ర వారానికి రెండుసార్లు, వికారం రాకుండా రాత్రి భోజనమయ్యాక వేసుకోమన్నారు. నాలుగో నెలలో నెలసరి తిరిగి వచ్చింది, ప్రొలాక్టిన్ 19కి దిగింది. కనీసం 2 ఏళ్లు వాడాక, గడ్డ పరిస్థితిని బట్టి మోతాదు తగ్గించే ఆలోచన చేస్తారట.

లోపాలూ చెప్పాలి. పది గంటలకు రమ్మని పన్నెండున్నరకు లోపలికి పిలిచారు; దూరం నుంచి వచ్చేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. అంతకన్నా పెద్ద లోపం మరొకటి. మందు మొదలుపెట్టాక నెలసరి కనిపించకముందే అండం విడుదలై గర్భం నిలిచే అవకాశముందని మొదటి రోజు ఎవరూ చెప్పలేదు. పెళ్లైన అమ్మాయికి మందుతోపాటే చెప్పవలసిన మాట అది. రెండోసారి మేము అడిగితేనే తెలిసింది. తెలుగువారు ఇంతమంది వచ్చే చోట సూచనల కాగితం తమిళంలో, ఇంగ్లీషులో మాత్రమే ఉంది. దాన్ని నేనే తెలుగులో రాసి, ఈ గర్భం సంగతిని పైన ఎర్ర సిరాతో చేర్చి, చెల్లెలికి ఇచ్చి పంపాను.