చెట్ల ఆవిరా, థిన్నర్ ఆవిరా: దేన్ని తగ్గిస్తే మన గాలికి మేలు?

వానలు పడి మొక్కలు నాటే కార్యక్రమాలు మొదలైతే చాలు, ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తుంది. "అన్నా, చెట్లు గూడ గాలిని ఖరాబు చేస్తయట గదా, మరి నాటుడెందుకు?" మొదటి మాటలో నిజం ఉంది. రెండోదానికి జవాబు కావాలంటే చెట్ల ఆవిర్లను, మనం వదిలే ఆవిర్లను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆకు నుంచి వచ్చినా, రంగు డబ్బా నుంచి వచ్చినా ఆవిరి నడిచే దారి దాదాపు ఒకటే. గాలిలో చురుగ్గా ఉండే అణువులు, పగలు హైడ్రాక్సిల్, ఓజోన్, రాత్రి నైట్రేట్ రాడికల్, దాన్ని పట్టుకుని ఆక్సిజన్ తగిలిస్తాయి. అణువు బరువెక్కి, ఇక ఆవిరిగా నిలవలేక, అప్పటికే గాలిలో ఉన్న నలుసుల మీద పేరుకుంటుంది. సేంద్రియ ఏరోసోల్, అంటే గాలిలో తేలే కార్బన్ నలుసులు, చాలావరకు ఇలా పుట్టేవే. ఊపిరితిత్తుల్లోకి దిగేంత సన్నని నలుసులైన పీఎం 2.5లో చాలా భాగం ఏ పొగ గొట్టంలోంచీ నేరుగా రాదు, ఇలా గాలిలోనే తయారవుతుంది.

మొత్తం బరువు చూస్తే చెట్లదే పైచేయి. ఆకులు వదిలే ఆవిర్లలో ఒకటైన ఐసోప్రీనే ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి సుమారు 50 కోట్ల టన్నులు. మన పెట్రోలు, రంగులు, ఫ్యాక్టరీల ఆవిర్లన్నీ కలిపినా అందులో సగానికి రావు. అడవుల మీద కనిపించే నీలిపొగకు చెట్ల ఆవిర్లే కారణమని ఫ్రిట్స్ వెంట్ అనే వృక్షశాస్త్రవేత్త 1960లోనే రాశాడు. వాట్సాప్‌లో తిరిగే సందేశాలన్నీ ఇక్కడిదాకానే వస్తాయి.

కానీ మిల్లుకు ఎన్ని బస్తాల వడ్లు పోయాయన్నది ఒక లెక్క, ఎంత బియ్యం దిగిందన్నది ఇంకో లెక్క. ఐసోప్రీన్‌లో నలుసుగా మారేది మామూలుగా నూటికి కొద్ది పాళ్లే. అసలు మారదనే చాలాకాలం అనుకున్నారు. 2004లో అమెజాన్ అడవి గాలిలో దాని ఆనవాళ్లు బయటపడ్డాకే ఆ అభిప్రాయం మారింది. జామాయిల్ ఆకు నలిపితే ముక్కుకు తగిలే ఘాటు టెర్పీన్ల కుటుంబానిది. ఆ కుటుంబంలో పైనీన్ లాంటి వాటి దిగుబడి ఐసోప్రీన్ కన్నా బాగా ఎక్కువ. థిన్నర్‌లో ఉండే టోలుయీన్, జైలీన్ ల్యాబులో, వాహనాల పొగలో ఉండే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ ఉన్నప్పుడు, నూటికి 30, ఆపైన కూడా ఇచ్చాయి. ఆ ఆక్సైడ్లు ఎక్కువైతే దిగుబడి తగ్గింది, అయినా మిగిలేది తక్కువేం కాదు.

హనుమకొండలో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే ఏ షెడ్డు ముందైనా కాసేపు నిలబడి చూడండి. గన్‌తో కొట్టిన రంగు డోర్ మీద తడిగా మెరుస్తుంటుంది, థిన్నర్ వాసన రోడ్డు దాటి వస్తుంది. కొంతసేపటికి రంగు ఆరుతుంది, వాసన పోతుంది. ఆరడమంటే ఆ థిన్నరంతా గాలిలో కలవడమే. మే నెల మధ్యాహ్నం బంకులో ట్యాంకు మూత తీసినప్పుడు మూతి దగ్గర గాలి అలలు అలలుగా కదిలేది కూడా పెట్రోలు ఆవిరే. ఇవన్నీ జనం పీల్చే ఎత్తులో, ఇళ్ల మధ్యనే జరుగుతాయి.

కాలం సంగతి కూడా చూడాలి. ఐసోప్రీన్‌కు ఎండా, వేడీ కావాలి. రాత్రి దాదాపు ఆగిపోతుంది, చలికాలంలో బాగా తగ్గుతుంది. ఏటూరునాగారం వైపు టేకు ఆకు రాల్చేశాక ఇక దాని నుంచి వచ్చేదేముంది? మన గాలి పాడయ్యేది ఎక్కువగా ఆ చలి నెలల్లోనే, గాలి కదలక నేలకు అంటుకుని ఉన్నప్పుడు. షెడ్లకూ బంకులకూ బొగ్గు ప్లాంట్లకూ అప్పుడు కూడా సెలవు లేదు.

అయితే అసలు తీర్పు చెప్పేది, నా దృష్టిలో, గంధకం, అంటే సల్ఫర్. ఐసోప్రీన్ గాలిలో మారుతూ మారుతూ ఎపాక్సైడ్ అనే పదార్థంగా అయ్యే ఒక దశ ఉంది. దానికి ఆమ్లంతో తడిసిన సల్ఫేటు నలుసు దొరికిందంటే అందులో కలిసి అక్కడే ఉండిపోతుంది. ఆ సల్ఫేటు ఎక్కువగా బొగ్గు కాల్చగా వచ్చిన సల్ఫర్ డయాక్సైడ్ నుంచే పుడుతుంది. అంటే చెట్టు ఆవిరిని నలుసుగా మార్చే పనిలో సగం మనమే చేస్తున్నాం. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో ఇది తేలిపోయింది. అక్కడి అడవులు అలాగే ఉన్నాయి. విద్యుత్ కేంద్రాల సల్ఫర్ తగ్గించాక సల్ఫేటుతో పాటు సేంద్రియ నలుసులూ తగ్గాయి.

మనకు రామగుండంలో, భూపాలపల్లి దగ్గర చెల్పూరులో బొగ్గు కరెంటు, వాటికి కాస్త దూరంలోనే అడవి. సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబర్‌లో కేంద్రం పరిమితులు పెట్టింది. గడువులు జరుపుతూ జరుపుతూ 2025 జూలైలో దేశంలోని చాలా ప్లాంట్లకు పొగలోంచి సల్ఫర్ తీసే యంత్రాలు పెట్టే పనే లేకుండా చేసింది. మన బొగ్గులో గంధకం తక్కువ అన్నది ఒక వాదన. శాతం తక్కువే, కానీ కాల్చే టన్నులు తక్కువ కాదు. ఇది చిన్న విషయమని నేను ఒప్పుకోలేను.

మిగతావి: అగరుబత్తి, ఫినాయిల్, సెంటు లాంటివాటికి ఇంట్లో కిటికీ తెరిచి ఉంచితే చాలావరకు సరిపోతుంది. పత్తి కట్టె కాల్చడం నేరుగా పొగే, దాని లెక్క వేరు.

కాబట్టి తగ్గించాల్సిన వరుస నా మటుకు ఇది: ముందు బొగ్గు గంధకం, తర్వాత థిన్నర్, పెట్రోలు ఆవిర్లు. ఇంటి రంగులకు నీటితో కలిపేవి ఇప్పుడు ప్రతి షాపులో ఉన్నాయి, తలుపులకు, గ్రిల్స్‌కు కూడా దొరుకుతున్నాయి. బంకుల్లో ఆవిరిని వెనక్కి పట్టే పైపు ఉందా అని అడగండి. చెట్ల విషయంలో నేను చెప్పేది ఒక్కటే, వాహనాల రద్దీ ఉండే రోడ్ల పక్కన వరుసగా జామాయిల్ పెట్టకండి. ఐసోప్రీన్, టెర్పీన్లు రెండూ బాగా వదిలే చెట్టు అది, అక్కడ వాహనాల పొగ కూడా తోడవుతుంది. ఊరి బయట ఇప్పటికే వేసుకున్న తోటను మాత్రం దీనికోసం కొట్టేయాల్సిన పని లేదు.