తొమ్మిదేళ్ళుగా వాయిస్తున్న డీఎక్స్7

చెన్నైలో ఒక స్టూడియోవాళ్ళు పాత సామాను అమ్మేస్తుంటే యమహా డీఎక్స్7 అనే సింథసైజర్ కీబోర్డును 22 వేలకు కొన్నాను. పెట్టె లేదు. దుప్పట్లో చుట్టి పినాకిని రైల్లో నెల్లూరుకు తెచ్చుకున్నాను. 14 కిలోల పైమాటే. స్టేషన్ మెట్లెక్కేసరికి బేరం అంత చవక కాదనిపించింది.

1983లో వచ్చిన వాయిద్యం ఇది. 61 కీలు. రిథమ్‌లు లేవు, స్పీకర్లు లేవు. దీన్ని వాయించిన మొదటి పెళ్ళి రిసెప్షన్‌లో మా ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్స్ కుర్రాడు బటన్లన్నీ వెతికి, "ఇంత లావుంది, రిథమ్ లేదేందన్నా దీంట్లో?" అన్నాడు.

దీన్ని కొనాల్సింది ఎలక్ట్రిక్ పియానో, గంటలు, బేస్ శబ్దాల కోసం. ఇందులో ఒక తరంగం ఇంకో తరంగాన్ని ఊపుతుంది. కీ గట్టిగా కొట్టేకొద్దీ ఆ ఊపు పెరిగి, గుండ్రంగా ఉన్న స్వరం కంచులా ఖంగుమంటుంది. ఒక్క వేలితో ఇంత తేడా రావడం నేను వాయించిన కొత్త చవక కీబోర్డుల్లో చూడలేదు. వయొలిన్లు మాత్రం పీలగా ఉంటాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

సొంత శబ్దాలు తయారు చేయడం నరకం. ఆ తరంగాలను పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని ఒకదానికొకటి కలిపే 32 అల్గారిథమ్‌లు, రెండు వరసల బుల్లి తెర, విలువలు మార్చడానికి ఒకే స్లైడరు. ఇన్నేళ్ళలో నాకు కుదిరినవి నాలుగు. అందులో జలతరంగం లాంటిదొకటి ఉంది, అది వినిపించకుండా ఎవరినీ ఇంటి నుంచి పంపను.

మూడో ఏడు కావలిలో పెళ్ళికి ముందు రోజు రాత్రి ఆన్ చేస్తే శబ్దాల పేర్లన్నీ పిచ్చి అక్షరాలు! 32 శబ్దాలనూ గుర్తుంచుకునే లోపలి బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. బ్యాటరీ చవకే, కానీ బోర్డుకు సోల్డర్ చేసి ఉంటుంది. టీవీ మెకానిక్ అన్న హోల్డర్ బిగించి కొత్తది వేశాడు. లాప్‌టాప్ నుంచి మిడి వైరుతో శబ్దాలు తిరిగి ఎక్కించాను. ఆ టెన్షన్ మీకొద్దు, కొన్న రోజే కాపీ తీసి పెట్టుకోండి.

నాది జపాన్ మోడల్, 100 వోల్టులది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వెంట ఉండాల్సిందే. ఆ ప్లగ్గు నేనే పెడతాను, ఇంకొకరి చేతికివ్వను. మైపాడు వైపు వరసగా ప్రోగ్రాములు చేసిన ఏడాది ఉప్పుగాలికి కీల కింద కాంటాక్టులు పాడై, రెండు కీలు మెల్లగా తాకినా అరిచేవి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సర్దుకున్నాయి.

తర్వాత ఒక రోలాండ్ జూనో-106 సింథసైజర్ తక్కువకే వచ్చింది, వదిలేశాను. దాంట్లో శబ్దం పుట్టించే వాయిస్ చిప్‌లు చచ్చిపోతాయన్నది పాత జబ్బు. ఇంట్లో సరదాకైతే కేసియో సీజెడ్-101 చాలు, కాకపోతే కీలు పిల్లల వేళ్ళకు చేసినట్టుంటాయి. డీఎక్స్7 శబ్దం ఒక్కటే కావాలంటే లాప్‌టాప్‌లో డెక్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం.

ఇంకోటి, దీని అవుట్‌పుట్ మోనో, అంటే కుడి ఎడమలకు విడివిడిగా రాదు, ఒక్కటే. ఒక పక్క బాక్సులో వినపడటం లేదని మైక్ సెట్టువాళ్ళతో గొడవ పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, పెళ్ళివాళ్ళ ముందే.