ఏడేళ్ళు గీసిన పెన్ ట్యాబ్లెట్

2018లో బెంగళూరు ఎస్.పి. రోడ్డులో అరగంట బేరమాడి కొన్నాను. స్క్రీన్ ఉండదు. ఒక నల్ల పలక, ఒక పెన్ను, అంతే. పలక మీద గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడుతుంది. మారతహళ్ళిలో మా స్టూడియోకి వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే. వాళ్ళ పెళ్ళి ఆల్బమ్‌లు, పాత ఫొటోల రిపేర్లు, అన్నీ దీని మీదే చేశాను.

మొదటి వారం నరకం. చెయ్యి ఇక్కడ, చూపు అక్కడ. తర్వాత మౌస్ ముట్టబుద్ధి కాలేదు. మౌస్ నొక్కితే రంగు మొత్తం పడుతుంది. పెన్ను ఎంత నొక్కితే అంతే.

మా మావయ్య హిందూపురంలో నెగటివ్‌ల మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసేవాడు. కంటి కింద ముడత ప్రింటులో నల్లగా పడుతుంది కదా, నెగటివ్‌లో ఆ చోటు పలచగా ఉంటుంది. అక్కడ సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెడితే ప్రింటులో ముడత తేలికైపోతుంది. తెల్లటి చోటు నల్లబడాలంటే మాత్రం కత్తిమొనతో ఎమల్షన్, అంటే ఫిల్మ్ మీది పూత, గీకాలి. చెయ్యి జారిందో, నెగటివ్ గోవిందా! మనకి చేసింది వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ ఉంది.

ఫొటోషాప్‌లో వెలుగు పెంచే డాడ్జ్ టూల్ గుర్తు చూడండి, పుల్లకి గుచ్చిన గుండ్రటి అట్ట. ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని పెద్దది చేసి ప్రింటు వేసే యంత్రం) కింద ఆ అట్టని ఊపుతూ వెలుగు ఆపితే ప్రింటులో ఆ చోటు తెల్లబడేది. నలుపు పెంచే బర్న్ టూల్ గుర్తు చెయ్యి. వేళ్ళ సందులోంచి అక్కడికే ఇంకాస్త వెలుగు పంపితే నల్లబడేది. నేను ఆ టూల్స్ నేరుగా వాడను. ఫొటో మీద 50 శాతం గ్రే లేయర్ (బూడిదరంగు పొర) వేసి, కింది ఫొటోతో కలిసిపోయేలా సాఫ్ట్ లైట్‌లో పెట్టి, 3 శాతం ఫ్లోతో (రంగు పడే మోతాదు) తెలుపు, నలుపు బ్రష్ తిప్పుతాను. ఈ పనికి పెన్ను తప్ప ఇంకేదీ ఆనదు.

చెయ్యి అలవాటయ్యాక ఇంకో తంటా. కడప వైపు పెద్దావిడ ఒకరు ఫంగస్ పట్టిన పెళ్ళిఫొటో తెచ్చారు. 200 శాతం జూమ్‌లో మచ్చలు చెరిపే హీలింగ్ బ్రష్‌తో మచ్చలన్నీ టకటకా లేపేశాను. ప్రింటు చూసి, "అంతా బాగుంది నాయనా, ఆయన చెంప మీద పుట్టుమచ్చ ఏదీ?" అన్నారు. కింద ఒరిజినల్ లేయర్ ఉంది కాబట్టి మాస్క్‌లో (పై పొరని అక్కడక్కడా దాచే ముసుగు) నాలుగు గీతలు గీసి తెచ్చిపెట్టాను. అప్పట్నించి పని మొదలెట్టే ముందే పుట్టుమచ్చల సంగతి అడిగేస్తున్నా.

ఇక లోపాలు. పెళ్ళిళ్ళ సీజన్‌లో నిబ్ (పెన్ను మొన) నెలన్నరకి అరిగిపోతుంది, పలక మధ్యలో నున్నబడి పెన్ను జారుతుంది. దాని మీద పల్చటి కాగితం అంటించుకుంటే పట్టు వస్తుంది గానీ నిబ్ ఇంకా త్వరగా పోతుంది. కంప్యూటర్ అప్‌డేట్ అయినప్పుడల్లా ప్రెషర్ పోయి గీత లావుగా పడుతుంది, డ్రైవర్ (ట్యాబ్లెట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్ళీ వేయాలి. మూడో ఏడు కేబుల్ పిన్ లూజయింది. రబ్బరుబ్యాండ్ కట్టి నెట్టుకొస్తున్నా. కొనేవాళ్ళు కేబుల్ విడిగా ఊడొచ్చే మోడల్ చూసుకోండి. పెద్ద సైజు అక్కర్లేదు, భుజం నొప్పి తప్ప ఒరిగేదేం లేదు.